బైబిలు కాలేజీకి వెళ్ళని మనం వాక్యాన్ని ఎలా అర్థం చేసుకోవాలి, ఎలా పాటించాలి?

తమ్ముడూ, వందనాలు. వయసులో నీకంటే చాలా పెద్దదాన్ని, అందుకే నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నువ్వు అడిగింది క్లుప్తంగా ఇదీ: డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో నీకు యిర్మీయా 29:11 వాగ్దానం కార్డు, అంటే కొత్త ఏడాదికి దేవుని మాట అని సంఘంలో ఇచ్చే వచనం కార్డు, వచ్చింది. నంద్యాలలో బ్యాంకు కోచింగ్‌లో ఉన్నావు కాబట్టి అది ఈ ఏడాది ఉద్యోగం గురించే అని నమ్మావు, మెయిన్స్‌లో పోయింది. మీ పాస్టరు గారేమో విశ్వాసం చాలలేదన్నారు, యూట్యూబ్‌లో ఒకాయనేమో అది యూదులకు ఇచ్చిన మాట, మనకు సంబంధం లేదన్నాడు. ఏడాదిలో బైబిలు పూర్తి చేసే ప్లాన్ కూడా ముగించావు, కానీ ఏం చదివావంటే చెప్పలేకపోతున్నావు. థియాలజీ చదవని మామూలు మనిషి సొంతంగా చదివి అర్థం చేసుకోగలడా, అర్థమైనదాన్ని బతుకులో ఎలా పెట్టుకోవాలి అని నీ ప్రశ్న.

చేసుకోగలడు. మా ఇంట్లో శనివారం సాయంత్రాలు బైబిలు స్టడీ పెట్టి చాలా ఏళ్ళయింది, తాపీపని చేసేవాళ్ళు, టైలరింగ్ చేసేవాళ్ళు, ఇళ్ళలో పనికి వెళ్ళే అమ్మలు, ఒకరిద్దరు ఉద్యోగస్తులు వస్తారు, బైబిలు కాలేజీ గడప తొక్కినవాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళని చూసే ఇంత గట్టిగా చెప్తున్నాను. కాకపోతే ఒక అలవాటు మార్చుకోవాలి. వచనాలు ఏరుకోవడం ఆపి పుస్తకాలు చదవాలి. నేను చెప్పబోయేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు నీ కార్డు సంగతే చూద్దాం. బైబిలు తెరిచి 28, 29 అధ్యాయాలు రెండూ చదువు, పావుగంట పడుతుంది. 29వ అధ్యాయం ఒక ఉత్తరం. క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము మీదికి వచ్చి రాజును, రాజమాతను, అధిపతులను, చేతిపనివాళ్ళను చెరపట్టి తీసుకుపోయాడు. యెరూషలేములో మిగిలిపోయిన యిర్మీయా ప్రవక్త ఆ చెరలో ఉన్నవాళ్ళకి రాసి పంపిన ఉత్తరమది. అప్పుడు నడుస్తున్న గొడవ 28వ అధ్యాయంలో ఉంది. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారు, దేవుడు చెప్పాడు అని ప్రకటించాడు, బబులోనుకు లోబడాలనడానికి గుర్తుగా యిర్మీయా మెడ మీద పెట్టుకున్న కాడిని తీసి విరిచేశాడు కూడా. వినేవాళ్ళకి ఎవరి మాట తియ్యగా ఉంటుందో వేరే చెప్పాలా? యిర్మీయా కూడా ముందు ఆమేన్, దేవుడు అలాగే చేయాలి అనే అన్నాడు. తర్వాత దేవుడు చెప్పమన్నది వేరే.

ఆ వేరే మాటే ఈ ఉత్తరం. ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటుకోండి, వాటి పండ్లు తినండి, పెళ్ళిళ్ళు చేసుకోండి, మీ పిల్లలకూ చేయండి, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. ఇవి 5, 6, 7 వచనాలు. పదో వచనంలో డెబ్బై ఏళ్ళు అని ఉంది. ఆ తర్వాత వస్తుంది నీ కార్డు మీది మాట, మీ గురించి నా ఉద్దేశాలు సమాధానకరమైనవే గానీ హానికరమైనవి కావు అని. అంటే ఆ ఉత్తరం విన్న ముప్పై ఏళ్ళవాడు తిరిగి తన ఊరు చూడడు. వాడి మనవలు చూస్తారు. అలాంటివాడికి చెప్పిన నిరీక్షణ అది.

ఇప్పుడు చెప్పు, దీన్ని ఈ ఏడాది నోటిఫికేషన్‌కి హామీగా తీసుకోవచ్చా? తీసుకోకూడదు. మరి నీకు సంబంధమే లేదా? అదీ కాదు. పంపిన దేవుడు మారలేదు కదా, తనవాళ్ళు ఇష్టంలేని చోట, ఇష్టంలేని కాలంలో చిక్కుకుపోయినప్పుడు ఆయన వాళ్ళని మరిచిపోడు, ఆలస్యం అంటే వదిలేయడం కాదు. అది నీకూ నిజమే. పైగా ఆ అధ్యాయంలో నువ్వు ఈ వారమే చేయగలిగిన మాట ఏదంటే 11 కంటే ముందు 7లో ఉంది. ఉద్యోగం వచ్చాకే జీవితం మొదలవుతుంది, అప్పటిదాకా ఈ గది, ఈ ఊరు, ఈ మనుషులు నాకెందుకు అన్నట్టు బతుకుతున్నావా? నీ ప్రశ్నలో ఆ ధోరణి కొంచెం కనిపించింది, అందుకే అడుగుతున్నాను. నంద్యాలలో నువ్వున్న వీధికి, నీ రూమ్మేటుకి, అక్కడి సంఘానికి నీ వల్ల ఏమైనా మేలు జరుగుతోందా అనేది ఆ ఉత్తరం నిన్ను అడిగే ప్రశ్న. విశ్వాసం చాలక పోయింది అన్న మాట మాత్రం ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు, ఆ బరువు నెత్తిన పెట్టుకుని తిరగకు.

ఒక సంగతి తెలిస్తే మనం ఇలా ముక్కలుగా ఎందుకు చదువుతామో అర్థమవుతుంది. ఈ అధ్యాయాల అంకెలు, వచనాల అంకెలు రాసినవాళ్ళు పెట్టినవి కావు. ఇప్పుడు మనం వాడే అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేసింది. కొత్త నిబంధనకి వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడు వేశాడు. వెతుక్కోవడానికి అవి బాగా పనికొస్తాయి, కానీ అంకె మారినచోట ఆలోచన కూడా మారిందని అనుకుంటాం చూడు, అక్కడే దెబ్బ. 1 కొరింథీ 11:1 తీసుకో, నేను క్రీస్తును పోలి నడుచుకున్నట్టు మీరూ నన్ను పోలి నడుచుకోండి అని పౌలు అంటాడు. అది పదో అధ్యాయంలో మాట్లాడుతున్నదానికి ముగింపు, పదకొండుకి మొదలు కాదు. యెషయా 53 చదివేవాళ్ళు 52:13 నుంచి చదవాలి, పాట అక్కడ మొదలవుతుంది.

ఇంకో ఉదాహరణ చెప్తాను, ఇది కొంతమందికి కష్టంగా ఉంటుంది. మొదట కొద్దిగా ఉన్నా చివరికి మహాభివృద్ధి పొందుతావు అనే మాట, యోబు 8:7, మన ఇళ్ళల్లో గోడల మీద, కొత్త షాపు ఓపెనింగ్ కార్డుల మీద చూసే ఉంటావు. అది ఎవరు ఎవరితో అన్న మాట? యోబు స్నేహితుడు బిల్దదు, పదిమంది పిల్లలు ఇల్లు కూలి ఒకేరోజు చచ్చిపోయిన తండ్రి ఎదురుగా కూర్చుని అన్న మాట. దానికి మూడు వచనాల ముందు అదే నోటితో, నీ పిల్లలు పాపం చేసి ఉంటారు, అందుకే దేవుడు అప్పగించాడు అన్న అర్థం వచ్చేలా మాట్లాడాడు. నువ్వు పవిత్రుడివైతే దేవుడు నిన్ను లేపుతాడు, లేవలేదంటే తప్పు నీలోనే ఉంది, ఇదీ ఆయన లెక్క. పుస్తకం చివర 42:7లో దేవుడు యోబు మరో స్నేహితుడైన ఎలీఫజును, ఆయన ఇద్దరు స్నేహితులను మందలిస్తూ, నా సేవకుడైన యోబు పలికినట్టు మీరు నన్ను గురించి యుక్తమైనది పలకలేదు అంటాడు. ఆ ఇద్దరిలో బిల్దదు ఉన్నాడు.

అవునండీ, చివరికి యోబుకి అన్నీ రెట్టింపు వచ్చాయిగా అని మా స్టడీలో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు, మంచి ప్రశ్నే. వచ్చాయి. కానీ బిల్దదు చెప్పిన లెక్క ప్రకారం రాలేదు, తప్పు ఒప్పుకుని బాగుపడ్డందుకు రాలేదు, దేవుడు దయచూపాడు కాబట్టి వచ్చాయి, పోయిన పిల్లలు పోయినట్టే ఉన్నారు. ఆ గోడ మీది వాక్యం తీసి పారేయమని ఎవరికీ చెప్పను. పుస్తకం మొత్తం చదివి, ఆ తర్వాత గోడ మీద ఏం పెట్టుకోవాలో వాళ్ళనే నిర్ణయించుకోమంటాను. ఒక మాట బైబిల్లో ఉంది అన్నంత మాత్రాన దేవుడు దాన్ని ఒప్పుకున్నాడని కాదు. సాతాను మాటలూ బైబిల్లో ఉన్నాయి. మాట్లాడింది ఎవరు అనేది మొట్టమొదట చూసుకోవాలి.

రెండోది, అది ఏ రకం రాత అనేది. సామెతల గ్రంథం సామెతల్లా చదవాలి. మనకు నిదానమే ప్రధానం అనే సామెత ఉంది, ఆలస్యం అమృతం విషం అనే సామెతా ఉంది, రెండిట్లో ఒకటి అబద్ధమని ఎవరూ అనరు, దేని సమయం దానికి ఉంది అంటాం. సామెతలు 26:4 మూఢునికి జవాబివ్వొద్దు అంటుంది, కిందనే 26:5 జవాబివ్వు అంటుంది. పక్కపక్కనే కావాలనే పెట్టారు, ఎప్పుడు ఏది అనేది నీ తెలివికి వదిలారు. అలాంటి పుస్తకంలోని 22:6ని, బాలుణ్ణి నడవాల్సిన దారిలో పెంచితే పెద్దయ్యాక తొలగిపోడు అనే మాటని, తప్పనిసరి వాగ్దానంగా పట్టుకుని, కొడుకు తాగుడుకి బానిసైన తల్లిని నీ పెంపకమే సరిగా లేదు అని సంఘంలోనే కుళ్ళబొడిచేవాళ్ళని చూశాను. అది సామాన్యంగా నిజమయ్యే జ్ఞానం, పూచీకత్తు కాదు. ఆ తల్లికి ఆ తేడా చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే ఎంత బాగుండేది.

కథలు కూడా అంతే. జరిగింది రాశారు, ప్రతిదీ చేయమని రాయలేదు. న్యాయాధిపతులు 6లో గిద్యోను గొర్రెబొచ్చు పెట్టి గుర్తు అడిగాడని మనవాళ్ళు పెళ్ళి సంబంధానికీ, స్థలం కొనడానికీ గుర్తులు అడుగుతారు. ఆ అధ్యాయం మొదటినుంచి చూస్తే దేవుడు అప్పటికే నువ్వు వెళ్ళు, నేను నీకు తోడుంటాను అని స్పష్టంగా చెప్పేశాడు, గిద్యోను భయపడి మళ్ళీ మళ్ళీ అడిగాడు, దేవుడు ఓర్చుకున్నాడు. మనం నేర్చుకోవాల్సింది ఆ ఓర్పు గురించి, బొచ్చు గురించి కాదు. కీర్తనల్ని ప్రార్థనల్లా చదువు, 88వ కీర్తన చీకట్లోనే ముగుస్తుంది, మెయిన్స్ ఫలితాలు చూసిన రోజు నోటికి మాట రానప్పుడు అది నీకు పనికొచ్చేది. ప్రకటన గ్రంథం మాత్రం ఇప్పుడప్పుడే పట్టుకోకు, పట్టుకున్నా మొదటి మూడు అధ్యాయాలు చదివి, ఇవాళ్టి టర్కీ పడమటి భాగంలో ఉండిన ఏడు సంఘాలకి అది రాశారని గుర్తుపెట్టుకో. టీకాలనీ బార్‌కోడ్‌లనీ ఆ గ్రంథంలోని మృగం సంఖ్య 666తో ముడిపెట్టే వాట్సాప్ మెసేజీలు వచ్చినప్పుడు, ఇది ఆ ఏడు సంఘాలవాళ్ళకి ఏమని అర్థమై ఉంటుంది అని ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక ఎలా మొదలుపెట్టాలి అంటావా. ఫిలిప్పీయులకు రాసిన పత్రిక తీసుకో. నాలుగు అధ్యాయాలు, 104 వచనాలు, పైకి చదివితే ఇరవై నిమిషాలు కూడా పట్టదు. ఒకే కూర్చోవడంలో, పైకి, మొదటినుంచి చివరిదాకా చదువు. పెన్సిలు పట్టుకోకు, అండర్‌లైన్ చేయకు. వారం రోజులు రోజూ అదే చదువు. మూడు నాలుగు రోజులయ్యేసరికి మామూలుగా చదివితే కనపడనివి కనపడతాయి: ఇది రాసిన పౌలు జైల్లో ఉన్నాడు, అయినా సంతోషం సంతోషం అంటున్నాడు. ఎపఫ్రొదితు అనే ఆయన ఆ సంఘం తరఫున డబ్బు, వస్తువులు తెచ్చి ఇచ్చి, జబ్బుపడి చావుదాకా వెళ్ళొచ్చాడు, ఊళ్ళో వాళ్ళు కంగారుపడుతుంటే తిరిగి పంపుతూ ఈ ఉత్తరం రాశాడు. సంఘంలో యువొదియ, సుంటుకే అని ఇద్దరు స్త్రీలకి మాటల్లేవు, అందరి ముందు చదివే ఉత్తరంలో పేర్లు పెట్టి మరీ కలిసిపొమ్మని బతిమాలాడు. ఆ తర్వాత అపొస్తలుల కార్యములు 16 చదువు, ఆ సంఘం ఎలా పుట్టిందో ఉంటుంది, ఊదారంగు పొడి అమ్మే లూదియ, పౌలు సీలలను దెబ్బలు కొట్టి పెట్టిన జైలు, ఆ జైలు అధికారి ఇల్లు.

ఇంత అయ్యాక 4:13కి రా. నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను. హాల్ టికెట్ మీద, జిమ్ గోడ మీద, ఆటో వెనక రాసుకునే మాట. పైన రెండు వచనాలు చదివితే చాలు, పౌలు చేయగలను అంటున్నవి ఏంటో తెలుస్తుంది: కడుపు నిండినప్పుడు ఉండగలను, ఆకలితో ఉండగలను, ఉన్నప్పుడూ లేనప్పుడూ తృప్తిగా ఉండగలను. పరీక్ష పాసవ్వడం అందులో ఉండొచ్చు, ఫెయిలయ్యి కూడా పాడైపోకుండా నిలబడటం మాత్రం ఖచ్చితంగా ఉంది. నీకు ఇప్పుడు కావాల్సింది ఆ రెండోదే కదా. ఈ వచనం చిన్నదైపోలేదు, ఇంకా లోతుకి వెళ్ళింది. సందర్భం చూసి చదివితే వాక్యంలో బలం తగ్గిపోతుందని కొంతమంది భయపడతారు, అందుకే ఇది చెప్పాను.

సందర్భం చూడకపోతే ప్రాణాల మీదికి వచ్చే చోటు కూడా ఉంది, అది దాటి వెళ్ళలేను. ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి అనే 1 పేతురు 2:24 పట్టుకుని షుగరు మాత్రలు, ఇన్సులిన్ మానేసేవాళ్ళున్నారు. ఆ వచనం పైన ఎవరితో మాట్లాడుతున్నాడో చూడు, 18వ వచనం నుంచి, అన్యాయంగా దెబ్బలు తింటున్న పనివాళ్ళతో. క్రీస్తు మన పాపాలు మోశాడు, దారి తప్పిన గొర్రెల్లాంటి మీరు తిరిగొచ్చారు అని అక్కడి మాట. దేవుడు రోగాలు బాగుచేయడని నేను అనడం లేదు, యాకోబు 5:14 ప్రకారం పెద్దల్ని పిలిచి ప్రార్థన చేయించుకోవాలి, మేమూ చేస్తాం. కానీ అదే బైబిల్లో పౌలు తిమోతికి కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, తన తోటివాడు త్రోఫిముకి ఒంట్లో బాగోకపోతే మిలేతులో వదిలి వచ్చాడు, హిజ్కియా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది యెషయా ప్రవక్తే, పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. ఒక వచనం మీద ఒక పెద్ద నిర్ణయం తీసుకునే ముందు మిగతా బైబిలు ఆ విషయం మీద ఏమంటుందో చూడాలి. మాత్రలు ఆపాలా అన్నది డాక్టరుని అడగాలి, ప్రసంగం విని తేల్చుకోకూడదు. మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఇలా చేస్తుంటే ఈ వచనాలన్నీ వరసగా వాళ్ళతో కలిసి చదువు, వాదించొద్దు.

ఇప్పుడు పాటించడం సంగతి. అర్థమయ్యాక ఆగిపోయేవాళ్ళే ఎక్కువ. లేవీయకాండం అంటే అందరూ భయపడతారు, ఒకసారి మేము 19వ అధ్యాయం తీసుకున్నాం. అందులో 13వ వచనం, కూలివాని కూలి మరునాటిదాకా నీ దగ్గర ఉంచుకోకూడదు. చదివాక అందరూ కాసేపు ఊరుకున్నారు. ఇళ్ళల్లో పనిచేసే అమ్మ ఒకామె, నాకు ఒకటో తారీకు ఇవ్వాల్సింది పదో తారీకుదాకా ఇవ్వరు, అడిగితే ఎక్కడికి పోతాంలే అంటారు, దేవుడు ఇంత చిన్న సంగతి కూడా రాయించాడా అంది. మా గుంపులోనే ఒక మేస్త్రి, తన కింద కూలీలున్నాయన, ఓనరు నాకు ఇచ్చాకే కదా నేను వాళ్ళకి ఇచ్చేది అన్నాడు. న్యాయంగానే ఉంది ఆ మాట. అప్పుడు ద్వితీయోపదేశకాండం 24:15 తీశాం, సూర్యుడు అస్తమించక ముందే ఇవ్వమని, వాడు బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకుని ఉంటాడు అని కారణం కూడా రాసి ఉంది. యాకోబు 5:4 తీశాం, బిగబట్టిన కూలి మొర పెడుతుందని. ఆయన ఏమీ అనలేదు. తర్వాత ఓనరుతో మాట్లాడి అడ్వాన్సు తీసుకుని శనివారం సాయంత్రానికే కూలీల లెక్క తేల్చేయడం మొదలుపెట్టాడని ఆయన భార్య చెప్పింది. నేనైతే మా ఇంటి పనమ్మాయికి జీతం ఇవ్వడానికి నా ఫోన్‌లో ఒకటో తారీకుకి రిమైండర్ పెట్టుకున్నాను. పాటించడం అంటే ఇంత మామూలుగా ఉంటుంది, ఒక మనిషి, ఒక తారీకు, ఒక పని. ఇంకా ఎక్కువ ప్రేమగా ఉంటాను, ఇంకా ఎక్కువ ప్రార్థిస్తాను అని నోట్‌బుక్‌లో రాసుకుంటే వచ్చే వారానికి అది గుర్తుండదు.

అదే అధ్యాయంలో రెండు రకాల దారాలతో నేసిన బట్ట వేసుకోవద్దని కూడా ఉంది కదా, మరి అది ఎందుకు పాటించం అని అడుగుతావు, అడగాలి. ధర్మశాస్త్రం ఇశ్రాయేలుతో దేవుడు చేసిన నిబంధన, మనం కొత్త నిబంధనవాళ్ళం. కాబట్టి ఒక ఆజ్ఞ కనపడినప్పుడు యేసు, అపొస్తలులు దాన్ని ఏం చేశారో చూస్తాను. అదే అధ్యాయంలోని నీ పొరుగువాణ్ణి నీవలె ప్రేమించు అనేదాన్ని యేసు రెండో గొప్ప ఆజ్ఞ అన్నాడు, కూలి మాటని యాకోబు మళ్ళీ చెప్పాడు. తిండి విషయంలో కట్టుబాట్లు మార్కు 7, అపొస్తలుల కార్యములు 10 దగ్గర తెరిచేశారు. ఇశ్రాయేలును వేరే జనంగా ఉంచడానికి పెట్టినవి అక్కడితో ఆగుతాయి, దేవుని స్వభావం నుంచి, బీదవాడి మీద ఆయన శ్రద్ధ నుంచి వచ్చినవి వేరే రూపంలో కొనసాగుతాయి. పొలం అంచులు కోయకుండా పరిగె వదిలేయమని 9వ వచనంలో ఉంది, మనకు పొలం లేదు, కానీ చివరి రూపాయిదాకా పిండుకోకుండా లేనివాళ్ళకి కొంత వదిలే చోటు ప్రతి సంపాదనలోనూ ఉంటుంది. అన్నిచోట్లా ఇది ఇంత తేలిగ్గా తేలదు, కొన్ని విషయాల్లో మంచి విశ్వాసులే వేరువేరుగా అనుకుంటారు, అక్కడ గొడవపడకుండా ఉండటం నేర్చుకో.

ఇంకో పరీక్ష ఉంది, నాకు దీని మీద పట్టింపు ఎక్కువ. నువ్వు చేసుకున్న అన్వయం ఎప్పుడూ పక్కవాడి మీదే పడుతోందా? ఎఫెసీయులు 5లో 22వ వచనం భార్యలతో మాట్లాడుతుంది, 25వ వచనం భర్తలతో, క్రీస్తు సంఘాన్ని ప్రేమించి తన్ను తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. ఎవరితో అన్నది వాళ్ళు వినాలి. మన ఇళ్ళల్లో జరిగేది తలకిందులు, భర్త 22 చదివి వినిపిస్తాడు, తనతో మాట్లాడే 25 దగ్గర పుస్తకం మూసేస్తాడు. 21 అయితే చదవనే చదవరు, ఒకనికొకడు లోబడి ఉండండి అని ఉంటుంది అందులో. చేయి చేసుకునేవాడి ఇంట్లోకి ఆ ఒక్క 22ని తీసుకెళ్ళి సర్దుకో అమ్మా అని చెప్పడం వాక్యం చెప్పడం కాదు. నువ్వు రేపు పెళ్ళి చేసుకుంటావు, అప్పుడు నీ వచనం 25 అని ఇప్పుడే రాసి పెట్టుకో.

పాస్టరు గారిని ప్రశ్నిస్తే నేను అభిషేకించినవారిని ముట్టవద్దు అనే మాట తీస్తారేమో అని నీ భయం కూడా రాశావు. అది 105వ కీర్తన 15, అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు పరాయి రాజుల మధ్య తిరుగుతుంటే దేవుడు ఆ రాజులతో అన్న మాట, సంఘంలో ప్రశ్న అడిగినవాడితో అన్నది కాదు. అపొస్తలుల కార్యములు 17లో బెరయ అనే ఊరివాళ్ళు పౌలు చెప్పినవి అలా ఉన్నాయో లేవో అని రోజూ లేఖనాలు పరిశోధించారు, దానికి వాళ్ళని ఘనులు అన్నారు, తప్పుపట్టలేదు. అయితే అడిగే పద్ధతి ఒకటుంటుంది. ఆరాధన అయ్యాక అందరి ముందు కాకుండా, ఇంటికి వెళ్ళి, పాస్టరు గారూ, నేను 28, 29 రెండూ కలిపి చదివాను, డెబ్బై ఏళ్ళు అని ఉంది, మీరు దీన్ని ఎలా చూస్తారు అని అడుగు. మంచి కాపరి అయితే సంతోషిస్తాడు. చాలామంది అలాంటివాళ్ళే. ప్రశ్న అడిగినందుకే శపిస్తానని బెదిరిస్తే మాత్రం వేరే సంఘం చూసుకోవడం తప్పు కాదు.

సాయానికి ఏం పెట్టుకోవాలి అంటే, పాత అనువాదం మనందరికీ నోటికొచ్చిందే కాబట్టి అది ఉంచుకో, పక్కన తేలిక తెలుగులో ఉన్న మరో అనువాదం పెట్టుకో, యూవర్షన్ యాప్‌లో తెలుగువి ఒకటి కంటే ఎక్కువ ఉచితంగానే దొరుకుతాయి. కింద క్రాస్ రెఫరెన్సులు, అంటే అదే సంగతి ఇంకెక్కడుందో చూపించే గుర్తులు, ఉన్న బైబిలు ఒకటి ఉంటే సగం వ్యాఖ్యానాలు అక్కర్లేదు. వ్యాఖ్యానాలు, ప్రసంగాలు చివర్లో, నువ్వు చదివి, నీ ప్రశ్నలు రాసుకున్నాక. ముందే వింటే ఇక నువ్వు చదువుతున్నా ఆయన గొంతే వినపడుతుంది.

ఒంటరిగా మాత్రం చదవకు. ఆ పత్రికలు మొదట గదిలో ఒక్కడు చదువుకోవడానికి రాలేదు, సంఘమంతా కూర్చుంటే పైకి చదివి వినిపించారు, కొలొస్సయులు 4:16 చూడు. విన్నవాళ్ళలో బానిసలున్నారు, కూలివాళ్ళున్నారు, చాలామందికి చదువు లేదు. మన దగ్గరా అంతే, 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, వాళ్ళలో ఎక్కువమందికి అక్షరం రాదు, విని, పాడుకుని, ఒకరికొకరు చెప్పుకుని నేర్చుకున్నారు. థియాలజీ డిగ్రీ లేదన్న బెంగ నీకెందుకు? నీ గదిలో ఇంకో ఇద్దరు విశ్వాసులుంటే చాలు, వారానికి ఒక గంట, ఫోన్లు పక్కన పెట్టి. ఒకళ్ళు పైకి చదవండి, మిగతావాళ్ళు వినండి. ఇందులో మాట్లాడేది ఎవరు, ఎవరితో, ఎందుకు, పైనా కిందా ఏముంది అని మాట్లాడుకోండి, నాకు ఏమనిపించింది అనేది ఆ తర్వాతే. మీలో వయసులో పెద్దవాళ్ళు, కష్టం చేసేవాళ్ళు ఒక్కరైనా ఉండేలా చూసుకోండి, నాకు లేవీయకాండం ఆ పనిచేసే అమ్మ మాటతోనే తెరుచుకుంది.

ఫిలిప్పీ అయ్యాక రూతు చదవండి, 85 వచనాలే, లేవీయకాండం పరిగె ఆజ్ఞ అక్కడ నిజంగా ఒక పొలంలో, ఒక పరాయి దేశపు విధవరాలి కోసం నడుస్తూ కనిపిస్తుంది. మూడో అధ్యాయంలో కళ్ళం దగ్గర రాత్రి జరిగినది చాలామందికి తికమకగా ఉంటుంది, అక్కడ ఆగిపోతే ద్వితీయోపదేశకాండం 25:5-10, లేవీయకాండం 25:25 చదివి మళ్ళీ మొదలుపెట్టండి. అప్పటికీ తేలకపోతే మీరు ముగ్గురూ ఏమనుకున్నారో రాసి అడుగు, నేను చూసి జవాబిస్తాను.